గార్డు సారు తడిసిన భుజం

గార్డు సారు పోయారని ఫోను వచ్చినప్పుడు మా అత్తమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను చెప్పగానే చెయ్యి ఆపింది. ఆ తర్వాత అడిగిన మొదటి మాట ఇది.

"ఎన్నింటికి పోయిండంట?"

"పొద్దున టిఫిన్ తిని కుర్చీల కూసున్నడంట. అట్లనే పోయిండంట. పదిన్నర అయితుండెనంట."

"అదీ!" అంది అత్తమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే. "పదిన్నరంటె పదిన్నరే. సారు లేటయితడా?"

ఏడవాల్సిన చోట నేను నవ్వాను. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ అంతే. ముందు నవ్వొస్తుంది, మిగిలింది తర్వాత వస్తుంది.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. మా ఇంట్లో దాన్ని ఎవరూ వాడలేదు కాబట్టి ఇక్కడా వాడను. ఉద్యోగమంతా గూడ్సు రైళ్ళకు గార్డుగా చేసి, రిటైరయ్యాక కూతురికి దగ్గరగా ఉందామని భార్యాభర్తలిద్దరూ గోదావరి వైపు నుంచి వచ్చి నార్సింగిలో ఒక పెద్ద టవర్లో దిగారు. "ఇన్నేళ్ళూ రైలు చివరి డబ్బాలో ఒక్కణ్ణే కూర్చున్నానమ్మా. ముందు ఏముందో నాకు ఏనాడూ కనిపించలేదు. దాటి వచ్చేసిందే కనిపించేది. అందుకే రిటైరవగానే డ్రైవింగ్ నేర్చుకున్నాను" అని ఆయనే చెప్పారు.

అరవై దాటాక నేర్చిన డ్రైవింగ్ ఎలా ఉంటుందో మేం కళ్ళారా చూశాం. ముందుకు వెళ్ళేటప్పుడు ఆయన స్టీరింగును పొయ్యి మీది గిన్నెను పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకునేవారు. ముందున్న రోడ్డు కంటే వెనక చూపే అద్దాన్నే ఎక్కువగా చూసేవారు. సర్వీసు రోడ్డు మీద ఆఫీసు క్యాబులు వెనక నుంచి హారన్లు మోగిస్తూ ఉంటే ఎడమకు జరిగి, చెయ్యి బయటపెట్టి, వెళ్ళండి వెళ్ళండి అని ఊపేవారు. "వాళ్ళు ఎక్స్‌ప్రెస్సులమ్మా, మనం గూడ్సు. దారివ్వడం మన ధర్మం" అనేవారు. ఒకసారి మమ్మల్ని దాటి వెళ్ళినవాళ్ళలో ట్రాక్టరు కూడా ఉంది. అత్తమ్మ ఊరుకోలేదు. "సారూ, గదేం ఎక్స్‌ప్రెస్సు?" అని అడిగింది. ఆయన ఎంతో గంభీరంగా "ప్యాసింజరండి" అన్నారు.

వెనక్కి నడపడం మాత్రం వేరు. రివర్సు గేరు పడితే ఆయన పాతికేళ్ళ కుర్రాడైపోయేవారు. తల వెనక్కి తిప్పి, ఒక్క చేత్తో స్టీరింగు పట్టుకుని, ఎంత ఇరుకు సందైనా దారం సూదిలోకి ఎక్కించినట్టు దూర్చేవారు. జీవితమంతా వెనక్కి చూస్తూ బతికిన మనిషి మరి.

మాది ఔటర్ రింగు రోడ్డు దాటాక శంకర్‌పల్లి వైపు ఒక చిన్న ఊరు. డాబా ఎక్కితే కోకాపేట మేడలు కనిపిస్తాయి. కళ్ళకు దగ్గర, కాళ్ళకు దూరం. అత్తమ్మకు గొంతులో పుండు లేచి, అది మామూలు పుండు కాదని తేలి, గచ్చిబౌలి వైపు ఒక పెద్ద దవాఖానలో కరెంటు పెట్టాలన్నారు. ఆ వైద్యానికి వేరే పేరుంది. మా ఊళ్ళో అందరం కరెంటనే అంటాం. వారానికి ఐదు రోజులు, వారాల తరబడి. మెషీను దగ్గర మాకిచ్చిన టైము పదిన్నర. అది దాటితే వంతు ఇంకొకరికి పోతుంది. "ఒక్క రోజు కూడా మానకూడదు. మానితే పెట్టిన కరెంటంతా వృథా అవుతుంది" అని డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది.

రోజూ ఎలా పోవడం? బస్సు మా టైముకు రాదు. ఆటోకు అంత దూరం కిరాయి ఇచ్చుకోలేం. అప్పుడు ఇంటింటికీ తిరిగి మందులిచ్చే మా ఊరి ఆశమ్మ చెప్పింది, నార్సింగి, మణికొండ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు కొందరు కలిసి పల్లెల్లోని రోగులను తమ కార్లలో దవాఖానకు తీసుకెళ్ళి మళ్ళీ ఇంట్లో దింపుతున్నారని. పైసా తీసుకోరు. ఆ మాట విన్న రోజు నేను దీపం ముందు చాలాసేపు కూర్చున్నాను. అడగకుండానే దారి చూపించే స్వామికి నేను ఏమిచ్చుకోగలను!

దారి దొరికింది గానీ, అత్తమ్మ గడప దాటాలి కదా.

మా అత్తమ్మ మంచి ఎదురు చూడకుండా ఏ పనికీ బయలుదేరదు. ఆవూదూడా వస్తే మంచిది, ముత్తైదువ వస్తే మంచిది, అన్నిటికంటే మంచిది నిండు నీళ్ళ బిందె. పిల్లి రాకూడదు, కట్టెల మోపు రాకూడదు, బొట్టు లేని ఆడమనిషి రాకూడదు. ఈ చివరి లెక్కలో మా ఇంట్లో ఇద్దరం ఉన్నాం. మామయ్య పోయి చాలా ఏళ్ళు, నా పెనిమిటి పోయి కొన్నేళ్ళు. గల్లీలో ఎవరైనా మంచి పని మీద బయలుదేరుతున్నారని తెలిస్తే అత్తమ్మ, నేను తలుపు దగ్గరగా వేసుకుని లోపలే కూర్చుంటాం. ఎవరూ కూర్చోమని చెప్పరు. మాకై మేమే కూర్చుంటాం. అందుకని దవాఖానకు పోయేటప్పుడు కూడా నేను ముందే పోయి కార్లో కూర్చోవాలి, ఆమెకు ఎదురు పడకుండా.

చిక్కేమిటంటే, ఇంటింటికీ నల్లాలు వచ్చాక మా ఊళ్ళో నీళ్ళ బిందెలు వీధిలోకి రావడం మానేశాయి. ఆవులు కూడా తగ్గిపోయాయి. అత్తమ్మ గుమ్మంలో నిలబడి గల్లీ మొగ వైపు చూస్తూ ఉంటే ఎంతసేపు చూసినా వచ్చేది స్కూలు ఆటో, లేకపోతే గ్యాసు బండి. మొదటి వారంలో వచ్చిన డ్రైవర్లు ఇద్దరూ ఎంతో మంచివాళ్ళు. బతిమాలారు, ఫోనులో టైము చూపించారు. అత్తమ్మ కదల్లేదు. ఒక రోజు మేం చేరేసరికి వంతు పోయింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఆమె బతకాలని ఉందా లేదా మీకు?" అని అడిగింది. ఆ మాట నేను అత్తమ్మకు చెప్పలేదు. స్వామికి చెప్పుకున్నాను.

ఆ మర్నాడే గార్డు సారు వచ్చారు. రావడమే వెనక్కి వచ్చారు.

మా గల్లీలో కారు తిప్పే జాగా లేదు. మొగలో కనబడిన తెల్ల కారు మా వైపు వీపు పెట్టి, ఎవరి అరుగుకూ తగలకుండా, కట్టేసిన బర్రె తోకైనా కదలకుండా, గల్లీ పొడవునా వెనక్కి వచ్చి సరిగ్గా మా గుమ్మం ముందు ఆగింది.

"ఓ పిల్లా, గీ బండి ఎనుకకు నడుస్తున్నదేందే?" అంది అత్తమ్మ.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి దిగారు. గడియారం ముంజేతికి లోపలి వైపు పెట్టుకున్నారు. "నమస్కారమండి అక్కగారూ. జర తయారేనా అండి?" అన్నారు. ఇక్కడికి వచ్చాక నేర్చుకున్న 'జర'ను, పుట్టినప్పటి నుంచీ ఉన్న 'అండి'ని ఆయన అలా పక్కపక్కన కూర్చోబెట్టేవారు. చివరిదాకా విడదీయలేదు.

"అక్కనా? నాకు గన్ని ఏండ్లున్నయా? నెత్తంత తెల్లగ పెట్టుకొని నన్ను అక్క అంటున్నడు సూడు!"

"పోనీ చెల్లెలుగారూ. టైమైందండి."

"ఎదురు రాలే."

"ఎవరు రావాలండి?"

అప్పటికే వెనక సీట్లో ఎక్కి కూర్చున్న నేను తల బయటపెట్టి సంగతి చెప్పాను. ఈయన కూడా టైము చూపిస్తారనుకున్నాను. ఆయన చూపించలేదు. గుమ్మంలో నిలబడ్డ అత్తమ్మను, ఖాళీ గల్లీని మార్చి మార్చి చూసి తల ఊపారు.

"అంటే సిగ్నల్ పడలేదన్నమాట. సిగ్నల్ పడకుండా బండి కదలకూడదు. అందులో మీ తప్పేం లేదండి. తప్పు స్టేషన్‌ది. సిగ్నల్ ఇచ్చే మనిషిని పెట్టలేదు." అని నా వైపు తిరిగి, "దీనికేముందమ్మాయ్, నువ్వో బిందె పట్టుకుని అలా వెళ్ళి ఇలా ఎదురు రా. అయిపోయె" అన్నారు.

అత్తమ్మ చూపు నేల మీదికి పోయింది. ఆయన నా ముఖం వైపు ఒక్క క్షణం చూశారు. అర్థమైంది. అర్థమైనట్టు ముఖంలో కనబడనివ్వలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, "అయితే ఆ బిందె ఇలా ఇప్పించండి. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ రాకపోతే గార్డే దిగి పని చేసుకోవాలి" అన్నారు.

"మగోడు తెస్తే శకునమయితదా?" అత్తమ్మ బెట్టు వదల్లేదు.

"నీళ్ళు నీళ్ళేనండి. మోసేవాడికి మీసాలుంటే పలచబడతాయా?"

"బండి నిలవడ్డది గద. కదిలేదానికే ఎదురు. నిలవడ్డదానికి ఎదురేంది?"

"ప్రయాణం బండిది కాదు, మీది. మీరు గడప దాటారంటే బయల్దేరినట్టే. రూలు అంతేనండి."

రూలు అనేసరికి అత్తమ్మ ఆలోచనలో పడింది. ఆమెకు రూలంటే గౌరవం. "బిందె నిండుగుండాలె. జరంత ఎలితి ఉన్నా చెల్లది" అంది చివరికి.

మా నల్లా దగ్గరే బిందె అంచుదాకా పట్టి, భుజానికెత్తుకుని, ఆ పెద్దమనిషి గల్లీ చివరిదాకా నడిచారు. అక్కడ వెనక్కి తిరిగారు. ఒక చెయ్యి జెండా ఊపినట్టు పైకెత్తి, "రైట్!" అని అరిచారు. అత్తమ్మ గడప దాటింది. ఆయన ఎదురొచ్చారు. నడకకు బిందె తొణికి, నీళ్ళు భుజం మీదుగా కారి చొక్కా సగం తడిసిపోయింది. బిందె మా అరుగు మీద దించి, అదే తడి చొక్కాతో స్టీరింగు ముందు కూర్చున్నారు.

ఆ రోజు పదిన్నర కంటే ముందే చేరాం. కరెంటు గది దగ్గర ఉండే నర్సమ్మ ఆయన్ని చూసి, "భుజం తడిసిందేంటి సార్, బయట వానా?" అని అడిగింది.

"లేదమ్మా. మా ఊళ్ళో సిగ్నల్ ఇలాగే ఇస్తారు" అన్నారు.

మా ఊళ్ళో అన్నారు. మా ఊరు చూసి అప్పటికి రెండు గంటలు కూడా కాలేదు.

ఆ తర్వాత రోజూ అదే. మిగతా డ్రైవర్లు వస్తామన్నా, "ఈ లైను నాది" అని ఆయన వదల్లేదు. పొద్దున్నే వెనక్కి రావడం, బిందె, రైట్, తడి భుజం. గల్లీలో పిల్లలు ఆయన నడక నేర్చుకుని ఆడుకునేవారు. ఆయన చొక్కాకు కుడి భుజం మీద చారలు పడ్డాయి. "మా ఆవిడ అడుగుతోందండి, దవాఖానకు తీసుకెళ్తున్నావా, బావి తవ్వుతున్నావా అని" అన్నారు ఒక రోజు.

ఆయన వల్ల జరిగిన పొరపాటు ఒకటి చెప్పకపోతే ఈ మనిషి పూర్తి కాడు. రాయదుర్గం, హైటెక్ సిటీ వైపు ఫ్లైఓవర్లంటే ఆయనకు దడ. ఒకటి ఎక్కబోయి ఇంకొకటి ఎక్కితే ఎక్కడ దిగుతామో దేవుడికే తెలియాలి. ఒక రోజు అలాగే ఎక్కి, దిగి, రెండు అద్దాల మేడల మధ్య ఏదో గేట్లోకి పోయాం. సెక్యూరిటీ అతను ముసలివాళ్ళను చూసి సలాం కొట్టి వదిలేశాడు. కారు చుట్టూ తిరుగుతూ కిందికి, ఇంకా కిందికి దిగింది. దవాఖానలోనూ కరెంటు గది భూమి లోపలే ఉంటుంది కదా, ఇదేదో కొత్త దారి అనుకున్నాం. అత్తమ్మ దిగి, చెప్పులు విడిచి, గోడ పక్కన బల్ల ఉంటే దాని మీద కూర్చుంది. అక్కడున్న యూనిఫాం పిల్లకు ఫైలు ఇచ్చి, "నా వంతు ఎప్పుడొస్తది బిడ్డా?" అని అడిగింది.

ఆ పిల్ల కార్లు కడిగే పిల్ల. "అవ్వా, ఇది కంపెనీ పార్కింగు" అంది.

గార్డు సారు గడియారం చూసుకున్నారు. పదింబావు. పైకి పోయే దారి ఇంకో చివర ఉంది, అక్కడ అప్పుడే వచ్చిన కార్ల వరస. ఆయన ముఖం పాలిపోయింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు వెలిగింది. "ఎక్కండి" అన్నారు. తల వెనక్కి తిప్పారు. వచ్చిన దారినే, ఆ మెలికలన్నీ, కింది నుంచి పైదాకా రివర్సులో ఎక్కించేశారు! సెక్యూరిటీ అతను ఈసారి ఈల వేయడం కూడా మరిచిపోయి చూశాడు. పదిన్నరకు మేం కరెంటు గది ముందున్నాం.

"ముందుకు పోతె తప్పుడు తోవ. ఎనుకకు పోతె సక్కటి తోవ. గిదేం మనిషివయ్యా సారూ!" అని అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "రేపటి సంది ఇంటికాన్నించి ఎనుకకే తోలు."

అత్తమ్మ లోపలికి పోయాక నేను బయట బల్ల మీద కూర్చుని నామం చెప్పుకునేదాన్ని. ఆయన కూర్చునేవారు కాదు. ఆ తలుపుకు వీపు పెట్టి, వరండా వైపు చూస్తూ నిలబడేవారు. "బండి ఆగినప్పుడు గార్డు దిగి నిలబడాలమ్మా" అనేవారు. ఒకసారి నేను పుస్తకం చదువుకుంటుంటే, "ఏ బళ్ళో చదివావు?" అని అడిగారు. బడికి పోలేదని, మా నాయన ఇంట్లోనే చెప్పాడని అన్నాను. "అదృష్టవంతురాలివి. ఫెయిలయ్యే భయం లేదు" అన్నారు.

కరెంటు పెట్టడం అయిపోయింది. పుండు మానింది. మా ఇంటికి రావాల్సిన పని ఆయనకిక లేదు. అయినా పుంటికూర పచ్చడి వంక పెట్టుకుని వస్తుండేవారు. వాళ్ళ వైపు గోంగూరకు, మా పుంటికూరకు ఏది గొప్పని అత్తమ్మకూ ఆయనకూ ప్రతిసారీ తగాదా. ఆయన ఎప్పుడూ ఓడిపోయేవారు. వెంట తెచ్చిన సీసా మాత్రం ఖాళీగా తీసుకెళ్ళేవారు కాదు.

ఏడాది తిరిగాక ఒక సాయంత్రం ఫోను చేశారు.

"అమ్మాయ్, ఎల్లుండి నాకు గుండె ఆపరేషన్. నీతో ఒక పని పడింది."

నేను గాభరాపడ్డాను. "చెప్పుండ్రి సార్. వంట చేసి తేవాల్నా? రక్తం ఇయ్యాల్నా?"

"అవేం వద్దు. పొద్దున్నే ఏడింటికి మా టవర్ గేటు దగ్గర నాకు ఎదురు రావాలి. నిండు బిందెతో."

"నేనా సార్? నేను రావొద్దు గద. మీకు తెలుసు గద" అన్నాను.

"తెలుసు. మొదటి రోజే తెలిసింది. ఆ రోజు నేను బిందె ఎత్తుకున్నది మీ అత్తగారి కోసం ఒక్కదానికే కాదు." ఎప్పుడూ గలగలమనే గొంతు సన్నగా వినబడింది. "భయంగా ఉందమ్మా. ఎవరెవరో ఎదురొస్తామంటున్నారు. అన్ని రోజులు ఆ గది బయట కూర్చుని మీ అత్తగారిని వెనక్కి తెచ్చుకున్నదానివి నువ్వు. నువ్వొస్తే నాకు ధైర్యం." అంతలోనే మళ్ళీ మామూలు గొంతు. "మా ఆవిడకు ముందు ఇష్టం లేదులే. ముప్పై ఎనిమిదేళ్ళు నీ మాట విన్నాను, ఈ ఒక్కటీ నా మాట విను అన్నాను. బిందె లేకపోతే చెప్పు, మా ఇంట్లో బకెట్టు ఉంది."

అత్తమ్మకు చెప్పాను. ఆమె అన్నం ముందు నుంచి లేచిపోయింది.

"వద్దు బిడ్డా. పోవద్దు."

"సారే పిలిచిండు అత్తమ్మా."

"సారు మంచోడు. లోకం మంచిది కాదు. అండ్ల ఏమన్న అయితే నీ మీద పడ్తది. నీ మొగడు పోయిననాడు ఏమన్నరో యాదికి లేదా? మళ్ళ గది మొయ్యగలవా నువ్వు?"

అప్పటిదాకా ఆమె నన్ను ముందే కార్లో కూర్చోబెడుతున్నది తన కోసమనే అనుకున్నాను. నా కోసం కూడానని ఆ రోజు తెలిసింది. ఆ రాత్రి దీపం దగ్గర కూర్చుంటే ఒకటే అనిపించింది. స్వామి ఇచ్చిన మేలు తీసుకునేటప్పుడు నేను పనికొస్తానా అని అడగలేదు. తిరిగి ఇమ్మన్నప్పుడు ఎందుకు అడగాలి?

ఆపరేషన్ రోజు పొద్దున్నే మొదటి బస్సులో ఖాళీ బిందె ఒళ్ళో పెట్టుకుని పోయాను. టవర్ దగ్గర సెక్యూరిటీ అతను మా వైపు మనిషే. "ఏందక్కా, గీడ నీళ్ళు అమ్ముతవా? ఒక్కో ఫ్లాట్ల పది నల్లాలున్నయి" అని నవ్వాడు. సంగతి చెబితే నవ్వు ఆపి, తోట నల్లా దగ్గర తనే బిందె నింపిపెట్టాడు.

ఏడింటికి కారు మెల్లగా బయటికి వచ్చింది. నడుపుతున్నది వాళ్ళ గుంపులోని ఇంకొకాయన. గార్డు సారు వెనక సీట్లో ఉన్నారు, భార్య పక్కన. బిందె తొణికింది. అప్పుడు వెనక అద్దం దిగింది. బక్కచిక్కిన చెయ్యొకటి బయటికి వచ్చి, జెండా ఊపినట్టు ఊగింది.

"రైట్!"

నేను నడిచాను. కారు నా పక్క నుంచి పోతుంటే ఆయన తల బయటపెట్టి, "చూశావా, మళ్ళీ చివరి డబ్బాలోకే తోశారు" అన్నారు. ఆయన భార్య నా వైపు చూసి చేతులు జోడించింది. నేను బిందె పట్టుకుని ఉన్నానేమో, తిరిగి దండం కూడా పెట్టలేకపోయాను.

ఆయన బాగై వచ్చారు. డాక్టర్లు వద్దన్నా కొన్నాళ్ళకే డ్రైవింగ్ మొదలుపెట్టారు. నేను ఎదురు వెళ్ళిన సంగతి మీద అత్తమ్మ ఏమీ అనలేదు. ఒక్కసారి మాత్రం, "బిందె సగం తొణికిచ్చినవంట గద, సారు చెప్పిండు" అంది. అంతే.

ఇప్పుడు ఆయన లేరు.

ఆయన పోయిన నెలకు అత్తమ్మ గొంతు మళ్ళీ బొంగురుపోయింది. మింగితే నొప్పి అంది. గొంతులోకి కెమెరా వేసి చూడాలన్నారు. మళ్ళీ వచ్చిందేమోనని డాక్టరమ్మ అనలేదు గానీ మాకు వినబడింది. గుంపు వాళ్ళు కారు పంపారు. ఈసారి వచ్చింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకమ్మాయి. "ఆంటీ, మ్యాప్‌లో మీ గల్లీయే లేదు" అంటూ కారు మొగలోనే ఆపి నడిచి వచ్చింది.

అత్తమ్మ గడప లోపల నిలబడింది. గల్లీ వైపు చూసింది. గల్లీ ఖాళీగా ఉంది. వెనక్కి వచ్చే తెల్ల కారు లేదు. నేను అలవాటుగా ముందే పోయి కార్లో కూర్చోబోయాను.

"యాడికి పోతున్నవు?" అంది అత్తమ్మ. "బిందె తియ్."

"ఎవరు తెస్తరు అత్తమ్మా?"

"ఏం ఎరగనట్టు అడుగుతవేందే? సారు పిలిస్తె బస్సెక్కి ఉరికినవు. నాకు రావా? సారు నీకు అంతోడయిండు, నేను కానయితినా?"

నేను అక్కడే నిలబడిపోయాను. నా భయం ఆమెకు తెలుసు. ఆమె చెప్పిందే కదా. అత్తమ్మ గొంతు తగ్గించింది. "ఏమన్నయితే నాది. నీ మీద ఒక్క మాట పడనియ్య. పో, నిండుగ పట్టు. సారు లెక్క కారబొయ్యకు."

గల్లీ చివరిదాకా పోయి వెనక్కి తిరిగాను. రెండు మూడు తలుపుల్లోంచి ముఖాలు కనబడ్డాయి. కారమ్మాయి ఏం జరుగుతోందో తెలియక ఫోను దించి చూస్తోంది. ఎవరు 'రైట్' అంటారా అని ఒక్క క్షణం ఆగాను. గుమ్మంలోంచి బొంగురు గొంతు వినబడింది.

"రైట్ అను, పిల్లా! సారు లేకపోతె రూలు పోతదా?"

"రైట్!" అన్నాను. మా గల్లీలో నేను అంత గట్టిగా మాట్లాడడం అదే మొదటిసారి. అత్తమ్మ గడప దాటింది. కళ్ళు ఎత్తి నన్నే చూస్తూ నడిచింది. ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా నీళ్ళు తొణికాయి.

దవాఖానలో కెమెరా వేసి చూశారు. పాత మచ్చ మీద వాపు తప్ప ఏమీ లేదని, మందులు వాడితే తగ్గుతుందని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. నేను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని స్వామికి దండం పెట్టుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఆ పాత నర్సమ్మ. నన్ను గుర్తుపట్టి, నా చీర వైపు చూసింది.

"భుజం తడిసిందేంటమ్మా, బయట వానా?"

"కాదమ్మా" అన్నాను. "మా ఊళ్ళో సిగ్నల్ గిట్లనే ఇస్తరు."